చలికాలపు పిట్టల కోసం చెరువులు ముందే చూసి పెట్టుకోవడం: ఇచ్ఛాపురం, బరంపురం వైపు వాళ్లకి

ముందు ఒక సంగతి తేల్చేద్దాం, తర్వాత గొడవ ఉండదు. బాతుల్ని గానీ కుందేళ్లని గానీ కౌజు పిట్టల్ని గానీ సరదాకి వేటాడటానికి మన దేశంలో లైసెన్సు అనేదే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. మామూలు కేసుకే మూడేళ్ల దాకా జైలు, 2022 సవరణ తర్వాత లక్ష రూపాయల దాకా జరిమానా, మొదటి షెడ్యూల్లో, అంటే ఎక్కువ రక్షణ ఇచ్చిన జాబితాలో, ఉన్న జీవి అయితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. పైగా ఆ చట్టం దృష్టిలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, పట్టుకోవడం, ఉచ్చు పెట్టడం, గుడ్లు పాడు చేయడం, చివరికి గూడు కదిలించడం కూడా వేటే. చెరువు పంచాయతీది, అందరికీ హక్కుంది అంటారా, హక్కు నీళ్ల మీద ఉండొచ్చు, పిట్ట మీద లేదు.

అయితే వేటలో తుపాకీ పేలేది ఆఖర్న. దానికి ముందు చేసే పని, అంటే ఏ చెరువులో ఏ నెలలో ఏం దిగుతుంది, పొద్దున ఎక్కడ కూర్చుంటుంది, ఎటు నుంచి వెళితే బెదరదు అన్నది కనిపెట్టడం, బైనాక్యులర్ పట్టుకున్నవాడికీ కెమెరా పట్టుకున్నవాడికీ కూడా అదే పని. ఒడిశాలో చిలికా సరస్సు ఉత్తరపు కొసన మంగళాజోడిలో ఒకప్పుడు పిట్టల్ని కొట్టి అమ్మినవాళ్లే 2000లో సంఘం పెట్టుకుని కాపలాదార్లయ్యారు, ఇప్పుడు పడవల్లో జనాన్ని తిప్పి చూపిస్తున్నారు. ఆ కన్ను మనకీ కావాలి, తుపాకీ అక్కర్లేదు.

చాలామంది చేసేది ఏంటంటే, డిసెంబరు ఆఖరి వారంలో సెలవు దొరగ్గానే పేరున్న చోటికి బండెక్కి వెళ్లిపోవడం. జనం, పిక్నిక్ పాటలు, దూరంగా నల్లటి చుక్కలు, తిరిగి రావడం. అలా కాకుండా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే మీ ఇంటికి దగ్గర్లో ఉన్న నాలుగైదు చెరువులు తిరిగి పెట్టుకోండి. అప్పుడు పిట్టలు పెద్దగా ఉండవు, అయినా ఫరవాలేదు, మీరు చూడాల్సింది పిట్టల్ని కాదు, నీటిని. సూదితోక బాతులు అక్టోబరు, నవంబరుల్లో దిగి మార్చి నాటికి వెళ్లిపోతాయి. ఆ మధ్య నెలల్లో ఏ చెరువులో ఎంత నీరు మిగులుతుందన్నదే అసలు లెక్క.

ఇంట్లో కూర్చుని చేయగలిగిన పని ముందు కానివ్వండి. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిచి పాత చిత్రాలు చూసే గడియారం గుర్తు నొక్కితే అదే చెరువు వేర్వేరు ఏళ్లలో, వేర్వేరు నెలల్లో ఎలా ఉందో కనిపిస్తుంది. జనవరి, ఫిబ్రవరి చిత్రాలు వెతకండి. నిండు కుండలా గట్టు నుంచి గట్టు దాకా నీళ్లున్న చెరువు కంటే, సగం ఎండి అంచుల్లో గోధుమ రంగు బురద పట్టీ కనిపించే చెరువు మేలు. మొత్తం పచ్చగా కనిపిస్తే అది గుర్రపుడెక్క, జంబుకోళ్లు దొరుకుతాయి గానీ బాతులు దిగడానికి నీళ్లు ఏవీ?

లోతు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే అంతా ఉంది. సూదితోక బాతు నీళ్లలో మునగదు, తల కిందకి పెట్టి తోక నిట్టనిలువుగా పైకి లేపి అడుగున మేస్తుంది, కాబట్టి దాని మెడ అందేంత లోతే దానికి పనికొస్తుంది, మన లెక్కలో మోకాటి లోపు. ఎర్రతల చిలువల్లాంటి మునిగే బాతులకి నడుం లోతు పైన కావాలి. ఉల్లంకి పిట్టలు, బురదలో ముక్కుతో పొడుచుకుంటూ తిరిగే చిన్న పిట్టలన్నీ చీలమండ తడిసే నీటిలోనే, దానికి ఒక అడుగు లోపలికి కూడా వెళ్లవు. అంటే ఒకే చెరువులో తూము దగ్గర ఒక రకం, ఎగువన నీళ్లొచ్చే వైపు ఇంకో రకం. గట్టు, తూము ఉన్న వైపు ఎప్పుడూ లోతు, ఎగువ వైపు పల్చన. మనం బండి ఆపేది గట్టు మీద, పిట్టలు మేసేది ఎదురు ఒడ్డున, అందుకే అందరికీ చుక్కలే కనిపిస్తాయి. ఎగువ ఒడ్డుకి పొలాల మీదుగా దారి ఎటుందో అక్టోబరులోనే చూసి పెట్టుకోండి. వరి కోసేశాక ఆ దారి సులువు, కోయకముందు గట్లు తొక్కితే రైతు తిడతాడు, తిట్టాలి కూడా.

ఇంకో విషయం, పగలు చెరువులో గుంపుగా కూర్చున్న బాతులు అక్కడే మేస్తున్నాయని అనుకోవద్దు. చాలా బాతులు పగలు నిద్రపోయి చీకటి పడ్డాక పొలాలకి వెళతాయి. సాయంత్రం వెలుగు పోయే అరగంటలో గట్టు మీద కూర్చుని అవి ఏ దిక్కుకి లేచాయో చూస్తే మేత ఎక్కడో తెలిసిపోతుంది.

ఇప్పుడు మనుషుల సంగతి. మనవైపు పెద్ద చెరువుల్లో చాలావాటికి చేపల పాట, అంటే చేపల హక్కుకి వేలం, ఉంటుంది. పాట పాడుకున్నవాళ్లకి నీటికాకులు, గూడబాతులు అంటే ఒళ్లుమంట, వాళ్ల డబ్బులు తింటున్నాయి కదా. మీరు మెడలో కెమెరా వేసుకుని గట్టెక్కగానే వాళ్లకి వచ్చే అనుమానాలు రెండు: ఎవరో ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చారు, లేకపోతే చేపలకి. కాపలా పాకలో ముసలాయన ఉంటే ముందు ఆయన దగ్గరికే వెళ్లండి. ఇటు అయితే బావూ అనో తాతా అనో, సరిహద్దు దాటి ఒడిశాలో అయితే మౌసా అని పలకరించి, పిట్టలు చూడటానికి వచ్చాం, ఫలానా ఊరి వాళ్లం అని చెప్పి కాసేపు కూర్చోండి. ఏ వేళకి ఏ వైపు గుంపు దిగుతుందో, నిరుడు ఎప్పుడు వెళ్లిపోయాయో, రాత్రి ఎవరు వల పట్టుకుని తిరుగుతున్నారో అన్నీ ఆయన దగ్గరే ఉంటాయి. ఒక టీ ఖర్చు.

చెరువు ఎంచుకున్నాక ఎటు నుంచి చేరాలన్నది ఎండ, గాలి చెబుతాయి. పొద్దున పూట సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి, అంటే తూర్పు ఒడ్డు. ఎదురెండలో చూస్తే ఏ బాతైనా నల్లగానే కనిపిస్తుంది. పిట్టలు గాలికి ఎదురుగా దిగుతాయి, ఎదురుగానే లేస్తాయి. చలికాలంలో మనకి గాలి ఎక్కువగా ఉత్తరం, ఈశాన్యం నుంచి. కాబట్టి పొద్దున్నే ఈశాన్య మూల కూర్చుంటే ఎండ వెనక, గాలి వెనక, దిగే పిట్టలు మీ ముఖం వైపే వస్తాయి. ఈశాన్యం ఇంటికే కాదు చెరువుకీ కలిసొస్తుంది! గాలి గట్టిగా ఉన్న రోజు గుంపంతా ఉత్తరపు గట్టు చాటుకి చేరుతుంది, ఆ రోజు గట్టు మీద నిలబడి నడవకండి. ఆకాశం నేపథ్యంలో మనిషి ఆకారం కనిపిస్తే చాలు, లేచిపోతాయి. గట్టు కింద నుంచి వంగి నడిచి, తాటి బోదె దగ్గరో సరుగుడు చెట్ల దగ్గరో ఆగి కూర్చోండి. తలలన్నీ ఒక్కసారి పైకి లేచాయంటే మీరు ఎక్కువ దగ్గరికి వెళ్లారని, అక్కడే ఆగాలి. వాటిని లేపి ఫొటో తీసేవాళ్లని చూస్తే నాకు చిరాకు, అంత దూరం ఎగిరొచ్చిన పిట్టని మళ్లీ మళ్లీ ఎగరగొట్టి ఏం సాధిస్తారో.

పిట్టలు లేని వేళ వెళ్లినా ఒడ్డు చదవొచ్చు. బురద అంచున వంగి చూడండి. మూడు వేళ్లు, మధ్యలో పల్చటి పొర ముద్ర, అడుగులు కాస్త లోపలికి తిరిగి ఉంటే బాతు. పొర లేకుండా పొడుగు వేళ్లు, వెనక వేలు కూడా లోతుగా దిగితే కొంగ. ముద్ర అంచులు ఇంకా పదునుగా, లోపల నీరు ఊరుతూ ఉంటే ఇప్పుడిప్పుడే వెళ్లింది, అంచులు ఎండి పగిలితే నిన్నటిది. ఈకలు, తెల్లటి రెట్టలు ఒకే చోట గుట్టగా ఉంటే అది పగటి విడిది.

గట్టు వెనక గడ్డి, జీడితోటల అంచు కూడా వదలొద్దు. కుందేలు పెంటికలు గుండ్రంగా, పొడిగా, విరిస్తే గడ్డి పీచులా ఉంటాయి. దాని అడుగుల్లో వెనక కాళ్ల ముద్రలు ముందు కాళ్ల ముద్రల కంటే ముందుకి పడతాయి, చూడగానే తికమకగా ఉంటుంది. కౌజు పిట్టలు తెల్లవారుతుండగా అరుస్తాయి, ముందు చెవితో చోటు పట్టుకుని ఎండెక్కాక కళ్లతో వెతకండి. రాత్రి టార్చి వేసి కుందేళ్ల కోసం తిరగడం మాత్రం వద్దు, చూసేవాళ్లకి అది వేటే, మీరు ఎంత చెప్పినా.

ఉద్దానం వాళ్లకి చెప్పక్కర్లేదు గానీ బయటి నుంచి వచ్చేవాళ్లకి చెబుతున్నా: సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు జీడి, కొబ్బరి తోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి, మనుషుల్ని చంపాయి కూడా. తెల్లవారుజామున ఒంటరిగా తోటల్లోంచి అడ్డదారి పట్టొద్దు, ఇద్దరు ముగ్గురు మాట్లాడుకుంటూ నడవండి, మౌనం చెరువు దగ్గర పాటిద్దురు గాని. గట్టు గడ్డిలో రక్తపింజరి ఉంటుంది, గమ్ బూట్లు వేసుకోండి. అడవి పందుల కోసం చేల చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగ లాగేవాళ్లూ ఉన్నారు, చీకట్లో చేలల్లో అడుగు పెట్టకపోవడమే మంచిది.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి నత్తగుల్ల కొంగలకి, అవి వర్షాకాలంలోనే వచ్చి ఇళ్ల మధ్య చెట్ల మీద గూళ్లు కడతాయి, కాబట్టి చలికాలం దాకా ఆగొద్దు. టెక్కలి దగ్గర తేలినీలాపురం గూడబాతులకి, ఎర్రకాళ్ల కొంగలకి. అవి సైబీరియా నుంచి వస్తాయని బోర్డుల మీద, పేపర్లలో రాస్తుంటారు గానీ ఆ రెండూ మన దేశంలోనే పుట్టి పెరిగి చోట్లు మారే పిట్టలు. నౌపడ ఉప్పు కొటార్లు, అవతల గంజాం, హుమ్మా కొటార్లు బురద పిట్టలకి. ఉప్పు మళ్లలో పనివాళ్లు ఉంటారు, గట్లు తొక్కి పాడు చేయకండి. ఛత్రపురం దగ్గర తంపర సరస్సు రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో, ఉంది, బరంపురం నుంచి పొద్దున వెళ్లి టిఫిన్ వేళకి ఇంటికి రావొచ్చు. చిలికా అయితే మనకి దగ్గరి కొస రంభా. నలబణ దీవి అభయారణ్యం, దాని మీద దిగనివ్వరు, పడవ దూరం నుంచే చూపిస్తుంది. పైసా ఖర్చు లేని ఉపాయం ఒకటుంది, బరంపురం నుంచి భువనేశ్వర్ వెళ్లే రైల్లో కుడివైపు కిటికీ పట్టుకోండి, రంభా నుంచి బాలుగావ్ దాకా పట్టాలు చిలికా పక్కనే పోతాయి, మధ్యాహ్నం తర్వాత అయితే ఎండ కూడా మీ వెనకే.

సామాను గురించి ఎక్కువ ఆలోచించొద్దు. ఎనిమిది రెట్లు, నలభై రెండు ఎం.ఎం. బైనాక్యులర్ చాలు, పది రెట్లది చేతిలో వణుకుతుంది. బట్టలు మట్టి రంగువి. తెల్ల చొక్కా వేసుకొచ్చిన స్నేహితుణ్ని గట్టు కిందే కూర్చోబెట్టండి.

చచ్చిన పిట్ట కనిపిస్తే చేత్తో ముట్టుకోవద్దు. 2021 జనవరిలో హిమాచల్‌లోని పాంగ్ డ్యామ్ దగ్గర వలస బాతులు పోయింది బర్డ్ ఫ్లూ వల్లే. ఫొటో తీసి, చోటు గుర్తు పెట్టి, అటవీ శాఖకో పశువైద్యశాలకో చెప్పండి. గట్టు మీద క్లచ్ వైరు ఉచ్చులు, తుంగలో కట్టిన వలలు, ఒడ్డున చల్లిన మందు కలిపిన గింజలు కనిపించినా అంతే, మీరే పీకి గొడవకి దిగకండి, ముందు ఫోన్ చేయండి.

ప్రతిసారీ తేదీ, వేళ, నీరు ఎక్కడిదాకా ఉంది, ఏ పిట్ట ఎన్ని అన్నది రాసి పెట్టండి. పెద్ద గుంపుని ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేం, ముందు పది పిట్టలు ఎంత చోటు ఆక్రమించాయో చూసుకుని ఆ చోటుని గుంపు మీద జరుపుకుంటూ పోవాలి. జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది, 1987 నుంచి ఏటా సాగుతోంది, ఔత్సాహికులు ఎవరైనా చేరొచ్చు. పేరున్న చోట్ల లెక్కపెట్టేవాళ్లు ఎలాగూ ఉంటారు, మీ ఊరి చెరువుకే ఎవరూ ఉండరు, డిసెంబరులోనే అక్కడి పాటదారుతో మాట్లాడి మీరు తీసుకోండి.