రియాక్షన్ ఇంజనీరింగ్ సొంతంగా – 5వ పాఠం: గుళిక లోపలి లెక్క

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. గుండ్రటి ఉత్ప్రేరక గుళికలో (చర్యను వేగం చేసే పదార్థంతో చేసిన సన్న రంధ్రాల ఉండ) ఒక పల్చటి పొరను తీసుకుని, చర్య జరపాల్సిన పదార్థం అందులోకి వచ్చేదెంత, పోయేదెంత, చర్యలో ఖర్చయ్యేదెంత అని లెక్క రాయమన్నాను. రాసినవాళ్ల దగ్గర ఇప్పుడొక రెండో ఆర్డర్ అవకలన సమీకరణం ఉండాలి. రాయనివాళ్లు ఇక్కడే ఆగండి, ఓ పావుగంట కూర్చుని రాసి రండి. చదివితే వచ్చే విద్య కాదిది.

సమీకరణం చేతికి రాగానే దాన్ని సాధించెయ్యాలని చెయ్యి దురద పెడుతుంది. నాకూ అంతే. పీజీలో చేరిన కొత్తలో నాలుగు పేజీలు నింపి జవాబు రాబట్టాను. ‘గుళిక సైజు పెంచితే ఏమవుతుంది?’ అని సార్ అడిగితే ఆ జవాబులోంచి ఏమీ చెప్పలేక బోర్డు ముందు నిలబడిపోయాను. అక్షరాలు మరీ ఎక్కువైపోయాయి. అందుకే సాధించే ముందు యూనిట్లు తీసేద్దాం.

గాఢతను గుళిక ఉపరితలం దగ్గరి గాఢతతో భాగించండి. అంచున అది 1 అవుతుంది, లోపలికి పోయేకొద్దీ తగ్గుతుంది. దూరాన్ని వ్యాసార్ధంతో భాగించండి. నడిమధ్యన 0, అంచున 1. ఈ రెండూ పెట్టి సమీకరణాన్ని తిరగరాయండి. మొదటి ఆర్డర్ చర్య (రేటు గాఢతకు అనులోమంగా ఉండేది) అయితే వ్యాసార్ధం, రేటు స్థిరాంకం (చర్య ఎంత వేగమో చెప్పే సంఖ్య), గుళిక లోపలి డిఫ్యూజివిటీ (అణువులు ఎంత తేలిగ్గా వ్యాపిస్తాయో చెప్పే సంఖ్య) విడివిడిగా ఎక్కడా మిగలవు. మూడూ ఒకే ముద్దగా వస్తాయి:

ఫై² = వ్యాసార్ధం² × రేటు స్థిరాంకం ÷ డిఫ్యూజివిటీ

ఈ ఫైనే థీలే మాడ్యులస్ అంటారు. ఎర్నెస్ట్ థీలే 1939లో ఈ లెక్క ప్రచురించాడు. డిస్టిలేషన్‌లో మెట్లు గీస్తూ నేర్చుకున్న మెక్కేబ్–థీలే పద్ధతిలోని థీలే కూడా ఈయనే. అది 1925 నాటిది. థీలే ఈ గుళిక లెక్క చేసిన కాలంలోనే, ఇంచుమించుగా, జర్మనీలో డామ్‌కోలర్, రష్యాలో జెల్డోవిచ్ కూడా ఇదే సమస్యను వేరువేరుగా పట్టుకున్నారు.

ఇప్పుడు అంకెలు. వ్యాసార్ధం 3 మి.మీ., రేటు స్థిరాంకం సెకనుకు 4, డిఫ్యూజివిటీ సెకనుకు 10⁻⁶ చదరపు మీటర్లు అనుకుందాం. వ్యాసార్ధం వర్గాన్ని డిఫ్యూజివిటీతో భాగిస్తే 9 సెకన్లు. అణువు అంచు నుంచి లోపలికి చేరడానికి పట్టే సమయం ఇంచుమించు అంత. చర్యకు పట్టే సమయం 1/4 సెకను. 9ని 1/4తో భాగిస్తే 36. ఫై² అదే, ఫై 6. అంటే అణువు నడిమధ్యకు చేరేలోపు దారిలోనే ఖర్చయిపోతోంది. సమీకరణాన్ని పూర్తిగా సాధిస్తే నడిమధ్య గాఢత అంచున ఉన్నదాంట్లో 3 శాతమే అని తేలుతుంది. కానీ లోపల కరువుందన్న సంగతి మనకు ముందే తెలిసిపోయింది.

ఒక్క జాగ్రత్త. ఇక్కడి రేటు స్థిరాంకం గుళిక ఘనపరిమాణం లెక్కన ఉండాలి. పేపర్లలో చాలాసార్లు ఉత్ప్రేరకం బరువు లెక్కన ఇస్తారు. అప్పుడు దాన్ని గుళిక సాంద్రతతో గుణించాలి. ఫైకి యూనిట్లు మిగిలాయంటే తప్పు ఇక్కడే దొరుకుతుంది. ఇంకో తిరకాసు: కొన్ని పుస్తకాలు వ్యాసార్ధం బదులు అందులో మూడో వంతు వాడతాయి. అక్కడ మన 6 కాస్తా 2 అవుతుంది. ఏ పుస్తకంలోంచి గ్రాఫ్ తీసుకుంటే ఆ పుస్తకం నిర్వచనమే వాడండి.

లోపల కరువైతే మనకొచ్చే నష్టమెంత? గుళిక మొత్తం అంచున ఉన్న గాఢతతోనే పనిచేస్తే ఎంత రేటు రావాలో, నిజంగా అందులో ఎన్నో వంతు వస్తోందో చెప్పేది ఎఫెక్టివ్‌నెస్ ఫ్యాక్టర్, ఈటా. గోళానికి:

ఈటా = (3 ÷ ఫై²) × (ఫై × కాత్ ఫై − 1)

కాత్ అంటే హైపర్బోలిక్ కోటాంజెంట్. ఫై 6 దగ్గర అది దాదాపు 1. కాబట్టి ఈటా = (3 ÷ 36) × 5, అంటే 0.42. డబ్బు పెట్టి కొన్న ఉత్ప్రేరకంలో సగానికి పైగా ఊరికే కూర్చుంది. అదే గుళికను 0.5 మి.మీ. వ్యాసార్ధానికి నలగ్గొడితే ఫై 1, ఈటా 0.94. మరి ఎప్పుడూ నలగ్గొట్టే వాడొచ్చుగా అంటే, పొడి నింపిన రియాక్టర్‌లోంచి గ్యాసును తొయ్యడానికి ప్రెజర్ డ్రాప్ (రెండు చివరల మధ్య పీడనంలో తేడా) విపరీతంగా పెరుగుతుంది. అందుకే కొన్ని ఉత్ప్రేరకాల్లో ఖరీదైన లోహాన్ని పైపొరలోనే పెడతారు.

ఇంతవరకూ డిజైన్ గొడవ. రీసెర్చ్ చేసేవాళ్లను ముంచేది వేరే ఉంది. ఫై బాగా పెద్దదైతే ఈటా దాదాపు 3 ÷ ఫై. ఫై లోపల రేటు స్థిరాంకం వర్గమూలం కింద ఉంది కదా. ఈటాను రేటు స్థిరాంకంతో గుణిస్తే, మనం కొలిచే రేటు ఆ స్థిరాంకాన్ని కాక దాని వర్గమూలాన్ని అనుసరిస్తుంది. దాంతో అరీనియస్ గ్రాఫ్ (ఉష్ణోగ్రత విలోమానికి ఎదురుగా రేటు లాగరిథమ్ గీసేది) వాలు సగమైపోతుంది. ఆ వాలు నుంచి లెక్కగట్టే యాక్టివేషన్ ఎనర్జీ (చర్య మొదలవడానికి దాటాల్సిన శక్తి) సుమారు సగమే కనిపిస్తుంది. రెండో ఆర్డర్ చర్య (రేటు గాఢత వర్గంతో పెరిగేది) ఒకటిన్నర ఆర్డర్‌లా కనిపిస్తుంది. మొదటి ఆర్డర్ మాత్రం మొదటి ఆర్డర్‌లాగే ఉంటుంది, అందుకే అనుమానమే రాదు. నా మొదటి డేటా సరిగ్గా ఇలాగే మోసం చేసింది. గీత అంత తిన్నగా, అంత అందంగా వచ్చేసరికి మురిసిపోయాను. రెండు నెలల తర్వాత సీనియర్ ఒకడు ‘పెల్లెట్ (గుళిక) సైజు మార్చి చూశావా?’ అన్నాడు. చూడలేదు.

పరీక్ష సులువే. గుళిక సైజు సగం చేసి మళ్లీ కొలవండి. గ్రాముకు వచ్చే రేటు మారకపోతే లోపల డిఫ్యూజన్ అడ్డు లేదు. రెట్టింపైతే పూర్తిగా దాని గుప్పిట్లో ఉన్నట్టే. సైజు మార్చే వీలు లేకపోతే వైస్, ప్రేటర్ అనే ఇద్దరు పరిశోధకులు 1954లో చెప్పిన దారి ఉంది: ఈటా × ఫై². దీనికి నిజమైన రేటు స్థిరాంకం తెలియక్కర్లేదు, అదే ఇందులోని తెలివి. గుళిక ఘనపరిమాణం లెక్కన కొలిచిన రేటును వ్యాసార్ధం వర్గంతో గుణించి, డిఫ్యూజివిటీతోనూ ఉపరితల గాఢతతోనూ భాగిస్తే అదే వస్తుంది. అది 1 కంటే బాగా తక్కువుంటే నిశ్చింతగా ఉండొచ్చు. మన 3 మి.మీ. గుళికకు 15 వస్తుంది.

వచ్చే పాఠానికి పని: అదే 3 మి.మీ. గుళిక, డిఫ్యూజివిటీ మారలేదు, వేడి పెంచితే రేటు స్థిరాంకం 4 నుంచి 16 అయింది. గుళిక మొత్తం మీద రేటు ఎన్ని రెట్లు పెరిగింది? జవాబు 2.2 దగ్గర రావాలి. కచ్చితంగా 2 ఎందుకు రాలేదో ఒక్క వాక్యంలో రాయండి. గుళిక అంతా ఒకే ఉష్ణోగ్రతలో ఉందని ఇప్పటిదాకా అనుకున్నాం. వేడి పుట్టించే చర్య అయితే ఈటా 1 దాటిపోవచ్చు కూడా. వచ్చేసారి దాని సంగతి చూద్దాం.