బొటనవేలి దాకా పాకిన నడుము నొప్పి

నడుములో మొదలైన నొప్పి పిరుదు మీదుగా తొడ, పిక్కల బయటి వైపు నుంచి బొటనవేలి దాకా కరెంటు షాకులా పాకుతూ, దగ్గినా తుమ్మినా ఎక్కువవుతుండడంతో ఇది కండరం పట్టేయడం కాదని నాకు అనిపించింది. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకెత్తి చూసిన వైద్యుడు, నడుములోని 4, 5 వెన్నుపూసల మధ్య డిస్కు జారి నరాన్ని నొక్కుతోందని అనుమానించారు. ఎమ్మారైలోనూ అదే కనిపించింది. చాలామందికి ఇది 6 నుంచి 12 వారాల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుముఖం పడుతుందని ఆయన చెప్పాక ధైర్యం వచ్చింది.

నాకు నిజంగా మేలు చేసింది మంచం పట్టకుండా ఉండడమే. భరించగలిగినంత మేర కొద్దికొద్దిగా నడిచాను, వంగి బరువులెత్తడం మానేశాను, ఫిజియోథెరపిస్టు నేర్పినట్టు బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీని పైకెత్తే వ్యాయామం చేశాను. అలా చేసేటప్పుడు నొప్పి కాలిని వదిలి నడుము వైపు వెనక్కి వస్తే, నడుములో కాస్త పెరిగినా సరే, అది మంచి సూచన. కాలి కిందికి పాకితే వెంటనే ఆపేయాలి. ఈ తేడా తెలియడం మాత్రలకన్నా ఎక్కువగా ఉపయోగపడింది. బొటనవేలి తిమ్మిరి మాత్రం అన్నిటికన్నా ఆలస్యంగా తగ్గింది.

అయితే మర్మావయవాల చుట్టూ స్పర్శ తెలియకపోయినా, మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా, పాదం పైకి లేవకపోయినా వ్యాయామాలతో కాలయాపన చేయకుండా అదే రోజు అత్యవసర విభాగానికి వెళ్లాలి.