ఇంటి నాయిస్ పాఠాలు – 3: ఐదు సెకన్ల రీలు

పోయిన పాఠం చివర ఒక పని అప్పగించాను: నీళ్ల మోటారు నడుస్తుండగా పక్కన టేప్‌రికార్డర్ పెట్టి, క్యాసెట్ ఒక వైపు నిండేదాకా రికార్డు చేయమని. ఆ క్యాసెట్ ఈ రోజు కావాలి. చేయనివాళ్లు ఇక్కడే ఆగి ఆ పని ముగించుకుని రండి. మోటారు లేని ఇంట్లో టేబుల్ ఫ్యాను చాలు, మిక్సీ అయినా సరే.

ఈ రోజు నేర్చుకునేది లూప్. క్యాసెట్‌లోంచి జానెడు పైచిలుకు రీలు కత్తిరించి, రెండు కొసలూ అతికించి, తిరిగి అదే డబ్బాలో పెట్టి తిప్పడం. వినడానికి ఇంతే. చేతికి పట్టుబడడానికి మాత్రం నాలుగైదు క్యాసెట్లు పాడవుతాయి. కాబట్టి పాతవి, ఎవరికీ అక్కర్లేనివి దగ్గర పెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు దాచుకున్న హరికథల జోలికి మాత్రం పోవద్దు.

ముందు, ఈ పద్ధతి ఎవరి దగ్గర నేర్చుకుంటున్నామో చెప్పుకోవాలి. స్వీడన్ నాయిస్ (చప్పుళ్లతోనే చేసే సంగీతం) అనగానే చాలామంది లిన్‌షోపింగ్ ఊరి పేరు ఎత్తుతారు. రోజెర్ కర్మానిక్ 1987లో మొదలుపెట్టిన కోల్డ్ మీట్ ఇండస్ట్రీ అనే లేబుల్ (రికార్డులు వేసే సంస్థ) అక్కడిదే. బ్రైటర్ డెత్ నౌ పేరుతో ఆయన సొంతంగా చేసిన సంగీతం, ఆ లేబుల్ మీద వచ్చిన రెజోన్ దెట్ర్, డాయిచ్ నేపాల్ వంటివారి రికార్డులు ప్రపంచమంతా తిరిగాయి. ఆ చీకటి, ఆ గాంభీర్యం గొప్పవే, కాదనను. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఆ బడి మంచిది కాదని నా అభిప్రాయం. అట్టమీది బొమ్మ ఎంత భయంకరంగా ఉండాలన్న ఆలోచన ముందు పుట్టి, శబ్దం సంగతి వెనకబడుతుంది. అనుకరించేవాళ్లలో ఈ జబ్బు ఎక్కువ.

మనకు పనికొచ్చేది పడమటి తీరంలోని గోథెన్‌బర్గ్. అక్కడ ఈ పని చాలా పాతది. రూనె లిండ్‌బ్లాడ్ 1950లలోనే టేపు కోసి, అతికించి, వెనక్కి తిప్పి సంగీతం చేశాడు. 1957లో అక్కడే కచేరీ పెడితే, వచ్చినవాళ్లలో కొందరు డబ్బులు వాపసు ఇమ్మన్నారు. ఆయన 1991లో పోయేదాకా ఆ పని మానలేదు. ఇప్పటివాళ్లలో డాన్ యోహాన్సన్‌ను తీసుకోండి. స్యూవర్ ఎలెక్షన్ పేరుతో ఆయన చేసేది చెవులు చిల్లులు పడే నాయిస్. సోఫీ హెర్నెర్‌తో కలిసి న్యూట్రల్ అనే జోడీగా చేసేదీ, గుస్తావ్ డిక్సన్, మతియాస్ ఆండెర్సన్ తదితరులతో కలిసి ఎన్‌హెట్ ఫర్ ఫ్రీ మ్యూసీక్ అనే బృందంగా చేసేదీ మాత్రం దాదాపు ఇంట్లో గొణుక్కున్నట్టు ఉంటుంది: సన్నటి గిటారు, ఎక్కడినుంచో ఒక గొంతు, వెనకాల రీలు ‘సుస్’మనే చప్పుడు. అదే మనిషి, అదే టేపు. అంత అరుపూ ఇంత గొణుగుడూ ఒకే చేతినుంచి ఎలా వస్తాయన్నది లూప్ పట్టుబడితే తెలుస్తుంది. ఈ చివరి బృందం రికార్డులు వేసే ఫర్లాగ్ ఫర్ ఫ్రీ మ్యూసీక్, ఆండెర్సన్ నడిపే ఈ డిస్కీ దెల్ బరోనె, యోవాకిమ్ నూర్డ్‌వాల్ 1998లో పెట్టిన ఐడియల్ రికార్డింగ్స్ – ఈ లేబుళ్లన్నీ ఆ ఊరివే.

ఇక పనిలోకి.

క్యాసెట్ మూలల్లోనూ మధ్యలోనూ కలిపి ఐదు స్క్రూలుండాలి. స్క్రూలు లేకుండా అతికేసినవి తెరవబోతే పగులుతాయి. 60 నిమిషాల క్యాసెట్ మేలు. 90 నిమిషాల దాంట్లో రీలు బాగా పలచన, అతుకు దగ్గర ముడత పడుతుంది. ఒక చిన్న స్క్రూడ్రైవర్, కొత్త బ్లేడు, టేపు అతికించే స్ప్లైసింగ్ టేపు కావాలి. అది దొరక్కపోతే చేయి తిరిగేదాకా మామూలు సెల్లోటేపు వాడండి, కానీ దాని జిగురు ఎండకు కారి రీలు పొరలకు అంటుకుంటుంది. నిలవ ఉంచాలనుకునే లూప్‌కు పనికిరాదు.

డబ్బాను బల్లమీద పడుకోబెట్టి స్క్రూలు తీసి, పై మూత నిదానంగా లేపండి. వెంటనే ఫోనుతో ఒక ఫొటో తీసుకోండి. రీలు దారి చూడండి: ఎడమ చక్రం నుంచి ఎడమ మూలనున్న చిన్న రోలరు మీదుగా ముందుకు వస్తుంది. రాగి రంగు స్ప్రింగు మీద అతికించిన చిన్న ఉన్ని మెత్త ఉందే, దాని ముందునుంచి సాగి కుడి మూల రోలరు చుట్టి కుడి చక్రానికి పోతుంది. ఆ మెత్త పనేమిటంటే రీలును హెడ్డుకు, అంటే రికార్డర్‌లో రీలుమీది శబ్దాన్ని చదివే ముక్కకు, ఆనించి పట్టడం. అది ఊడిందో, శబ్దం దుప్పటి కింది నుంచి వచ్చినట్టు వస్తుంది. పాత క్యాసెట్లలో ముందు ఊడేది అదే. చక్రాలకు పైనా కిందా ఉండే పలచటి ప్లాస్టిక్ కాగితాలు పారేయకండి.

రీలంతా తీసేసి చక్రాలు ఖాళీ చేయండి. కొత్త ముక్క ఒకటి తీసుకుని అదే దారిలో పరిచి, రెండు చక్రాల చుట్టూ తిప్పి, కొసలు కలిసే చోట గుర్తు పెట్టుకోండి. డబ్బాను బట్టి కాస్త అటూ ఇటూ అయినా దాదాపు 24 సెంటీమీటర్లు వస్తుంది. క్యాసెట్‌లో రీలు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది కాబట్టి మీకు దక్కేది ఐదు సెకన్లు. కొలతకంటే బిగువు ముఖ్యం. మరీ బిగిస్తే టేప్‌రికార్డర్ మోటారు లాగలేక శబ్దం వణుకుతుంది. మరీ వదిలితే రీలు చక్రానికి చుట్టుకుని లోపలే నలిగిపోతుంది. వేలితో తాకితే కొంచెం లొంగాలి, వేలాడకూడదు.

కత్తిరించే పద్ధతిలో ఒక చిట్కా ఉంది. రెండు కొసలనూ ఒకదానిమీద ఒకటి పేర్చి, రెండింటినీ ఒకే దెబ్బకు ఏటవాలుగా కోయండి. అప్పుడు రెండు వాలులూ సరిగ్గా సరిపోతాయి. సందు లేకుండా, పైన పడకుండా పక్కపక్కన ఆనించి, హెడ్డుకు తగలని లోపలి వైపున అతుకు వేయండి. రీలు వెడల్పు 3.81 మిల్లీమీటర్లే. ఆ గీత దాటి బయటికి వచ్చిన అతుకు ముక్కను బ్లేడుతో చెక్కేయాలి, లేకపోతే ప్రతి చుట్టుకూ ఎక్కడో తగులుతుంది.

ఏటవాలు ఎందుకంటే, అతుకు హెడ్డు ముందునుంచి ఒక్కసారిగా కాక కొంచెం కొంచెంగా దాటుతుంది. ఒక శబ్దంలోంచి ఇంకో శబ్దంలోకి జారినట్టు ఉంటుంది. అడ్డంగా నిట్టనిలువున కోస్తే ‘టక్’ అంటుంది. ఐదు సెకన్లకోసారి, నిమిషానికి పన్నెండుసార్లు. రెండూ చేసి చూడండి. నాకు ‘టక్’ ఇష్టం. అతుకు దాచిపెట్టిన లూప్ వింటే ఎవరో నన్ను మోసం చేస్తున్నట్టు అనిపిస్తుంది.

డబ్బా మూసి రికార్డర్‌లో పెట్టండి. క్యాసెట్ వెనక అంచున ఉండే చెవి విరిగిపోయి ఉంటే అక్కడ ఒక టేపు ముక్క అంటించాలి, లేకపోతే రికార్డు మీట కిందికి దిగదు. మోటారు శబ్దాన్ని రెండో టేప్‌రికార్డర్‌లో వినిపిస్తూ, లూప్ ఉన్నదాంట్లో రికార్డు నొక్కండి. ఇప్పుడు ఆలోచించండి: రీలు చుట్టు తిరిగి వచ్చినప్పుడల్లా ముందు చెరిపే హెడ్డు కిందినుంచి, తర్వాత రికార్డు హెడ్డు కిందినుంచి పోతుంది. అంటే పది నిమిషాలు రికార్డు చేసినా చివరికి మిగిలేది, మీరు మీట ఎత్తిన క్షణానికి ముందటి ఐదు సెకన్లే. వేలు ఎప్పుడు తీయాలన్నదే ఇక్కడి సాధన. మోటారు ఆగబోతూ ఊపిరి వదిలే చోట తీస్తారా, అప్పుడే అందుకుంటున్న చోట తీస్తారా? ఇరవైసార్లు చేసి, అందులో ఒక్కటి ఉంచుకోండి.

ఇది వచ్చాక రెండో మెట్టు. చెరిపే హెడ్డును కప్పేయడం. రికార్డర్ మూత తెరిస్తే రెండు హెడ్లు కనిపిస్తాయి. రీలు ముందుగా తాకేది, చాలావాటిలో ఎడమ చేతివైపుది, చెరిపేది. దాని మీద పలచటి ప్లాస్టిక్ ముక్కను చిన్న టేపుతో నిలబెడితే రీలు దాన్ని ఆనదు, పాత శబ్దం చెరగదు. చవక రికార్డర్లలో చెరిపే హెడ్డు బదులు ఒక అయస్కాంతం ముక్క ముందుకు జరిగి వస్తుంది. దానికి ఈ ప్లాస్టిక్ చాలదు. ఆ ముక్క ముందుకు రాకుండా ఆపాల్సిందే. విప్పడం చేతకాకపోతే ఇంకో రికార్డర్ వెతుక్కోండి.

ఇప్పుడు రికార్డు నొక్కితే ప్రతి చుట్టూ కిందటి చుట్టు మీద పడుతుంది. అయితే పాతది అలాగే ఉండిపోదు. రికార్డు హెడ్డులోంచి శబ్దంతోపాటు వినబడని హెచ్చు పౌనఃపున్యపు విద్యుత్తు కూడా ప్రవహిస్తుంది; అది కింద ఉన్నదాన్ని ప్రతిసారీ కొంత చెరుపుతుంది. ముందుగా పోయేది కీచుదనం, అంచులు. పది పొరలయ్యేసరికి మొదటి పొరలోని మోటారు ఎక్కడో గోడ అవతల ఉన్నట్టు ఉంటుంది. ఏ ఖరీదైన యంత్రమూ పెట్టకుండా మీకు దూరం, దగ్గర రెండూ దొరికాయి. పొరలు వేస్తూ పోతే నాయిస్ గోడ. రెండు పొరలతో ఆపి మూడోదానిగా మీ గొంతు సన్నగా పెడితే గోథెన్‌బర్గ్ గొణుగుడు. ఎక్కడ ఆపాలో వాళ్లకు తెలుసు, అదే వాళ్ల గొప్ప.

తయారైన లూప్‌ను అరగంట వినండి. చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని పెద్దగా వినవద్దు. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు ఎనిమిది గంటలే హద్దు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి సగం తగ్గుతుందని వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. గదిలో స్పీకరు పెట్టుకుని, పక్కమనిషితో మామూలుగా మాట్లాడగలిగేంత స్థాయిలో వినడం మంచిది.

మొదట మోటారు వినిపిస్తుంది. కాసేపటికి అతుకు. ఇంకొంత సేపటికి అతుకు తాళమైపోతుంది, మోటారులో శ్రుతి తేలుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, స్వీడన్‌దీ అంతే. అక్కడి మోటారు ‘జుమ్’ కూడా మనదాని ఎత్తులోనే ఉంటుంది. ఆ ఒక్క శ్రుతిమీద కూర్చుని వినే అలవాటు స్టాక్‌హోమ్‌కు పట్టడంలో హిందుస్థానీ సంగీతం పాలు కూడా ఉంది. అక్కడ పుట్టిన కాథరీన్ క్రిస్టెర్ హెన్నిక్స్ కిరానా ఘరానా గాయకుడు పండిత్ ప్రాణ్‌నాథ్ దగ్గర శిష్యరికం చేసింది. ఎడతెగక సాగే ఆమె ఎలక్ట్రానిక్ రచనల వెనక తంబూరా ఉంది. ఆ సంగతి డ్రోన్ (ఒకే శ్రుతిని సాగదీసే సంగీతం) పాఠంలో వివరంగా చూద్దాం.

వినగా వినగా మాటలు కూడా వినిపిస్తాయి, భయపడకండి. 1959లో చిత్రకారుడు ఫ్రీడ్రిష్ యుర్గెన్సన్ స్వీడన్‌లోని మెల్న్‌బూలో పక్షుల కూతలు రికార్డు చేసి, ఆ టేపుల్లో చనిపోయినవాళ్ల గొంతులు వినిపిస్తున్నాయన్నాడు. మిగిలిన జీవితమంతా ఆ పని చేస్తూనే ఉన్నాడు. తర్వాత కార్ల్ మికాయెల్ ఫోన్ హౌస్‌వోల్ఫ్ అనే కళాకారుడు ఆ టేపులను వెలికితీసి ప్రదర్శనల్లో పెట్టాడు. ఆత్మల సంగతి నేను నమ్మను. అర్థంలేని చప్పుడులో మాట వెతకడం చెవికి పుట్టుకతో వచ్చిన గుణం. మీ లూప్ మాట్లాడుతున్నట్టు తోస్తే ఆ మాట కాగితం మీద రాసి పెట్టుకోండి, పేరు పెట్టడానికి పనికొస్తుంది.

హెడ్డు మీద గోధుమరంగు పొడి పేరుకుంటుంది. అతుకులున్న రీలు ఇంకా ఎక్కువ రాలుస్తుంది. వారానికోసారి దూదికి స్పిరిట్ అద్ది తుడవండి.

ఒంటరిగా చేయవద్దని కూడా చెప్పాలి. స్వీడన్‌లో స్టడీ సర్కిల్ అనే పద్ధతి ఉంది. 1902లో లుండ్ ఊళ్లో ఓస్కార్ ఊల్సన్ మొదలుపెట్టినది. కూలీలు, రైతులు సాయంత్రాలు కలిసి చదువుకోవడానికి పుట్టింది. దాన్ని నడిపే విద్యా సంఘాలకు ప్రభుత్వ సాయం అందుతుంది. నిన్నమొన్నటిదాకా ఎన్నో రాక్ బృందాలు, నాయిస్ బృందాలు ఆ పేరుమీదనే సాధన గదులు సంపాదించుకున్నాయి. గురువు లేకుండా ముగ్గురు నలుగురు కూర్చుని ఒక విషయం నేర్చుకుంటామంటే గది తాళం చేతికిచ్చే దేశంలో ఇలాంటి సంగీతం పుట్టడంలో వింతేముంది? మనకు ఆ వెసులుబాటు లేదు. ఒక డాబా, ఇద్దరు స్నేహితులు, పక్కింటివాళ్ల ఓర్పు సరిపోతాయి.

ఈసారి పని: మూడు లూప్‌లు చేయండి. ఒకటి ఏటవాలు అతుకుతో, ఒకటి అడ్డకోతతో, ఒకటి చెరిపే హెడ్డు కప్పి. మూడింటినీ ఒక్కొక్కటి మూడేసి నిమిషాలు ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించండి. తర్వాత ఆ క్యాసెట్‌కు ఐదు ప్రతులు తీయండి, ఒకదాని తర్వాత ఒకటి, అసలు వేగంతో, ప్రతిసారీ పక్కన కూర్చుని వింటూ. ఇరవై నిమిషాల క్యాసెట్‌కు ముప్పై ప్రతులు తీసే చిన్న లేబుల్‌వాడికి పది గంటలు పడుతుంది. మీకు గంట కూడా కాదు. ఐదో ప్రతిని మొదటి దానితో పోల్చి, తేడా ఏమిటో రెండు వాక్యాల్లో రాసుకోండి. వచ్చే పాఠానికి ఆ కాగితమూ, రెండు చానళ్ల చిన్న మిక్సరూ కావాలి. మైకు అక్కర్లేదు.