విశాఖ ఉక్కపోతలో ఇల్లు చల్లగా, లోపలి గాలి మంచిగా ఉండాలంటే

మన విశాఖలో ఎండ కన్నా ఉక్కపోతే ఎక్కువ ఏడిపిస్తుంది. ఫోన్‌లో 34 డిగ్రీలే చూపిస్తుంది, కానీ గాలిలో తేమ 70 శాతం ఉంటే ఒంటిమీద చెమట ఆరదు. అందుకే హైదరాబాద్ చుట్టాలు కూలర్ కొనుక్కోమంటే వినకండి. అలాంటి రోజు కూలర్ ఎంత బాగా పనిచేసినా గాలిని 29 డిగ్రీల కిందకి దించలేదు, పైగా గదిలో తేమ పెంచి గోడలకు బూజు పట్టిస్తుంది. వట్టివేళ్ల తడికలు కూడా ఇక్కడ అంతే.

ముందు వేడి లోపలికి రాకుండా చూడండి. మాది ఎంవీపీ కాలనీలో పై అంతస్తు. రాత్రి పదింటికి కూడా శ్లాబు నుంచి సెగ దిగుతుండేది. శివరాత్రి వెళ్లాక డాబా శుభ్రంగా కడిగి, పాచి గీకి, సున్నంలో జిగురు కలిపి రెండు పూతలు వేయించాం. మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా నిలబడగలిగితే పూత పనిచేస్తున్నట్టే. వానలకు నల్లబడుతుంది కాబట్టి ఏటా మళ్లీ వేయాలి, లేదా ఖర్చు పెట్టగలిగితే ఎండను తిప్పికొట్టే కూల్ రూఫ్ పెయింట్ వేయించుకోవచ్చు.

పడమటి కిటికీకి నీడ బయట ఉండాలి. లోపల ఎంత మందం కర్టెన్ వేసినా ఎండ అప్పటికే అద్దం దాటి వచ్చేసింది, ఆ వేడి గదిలోనే ఉండిపోతుంది. బయట వెదురు తడిక కట్టండి, గ్రీన్ నెట్ అయినా సరే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకి మా పడమటి వైపు వేపచెట్టు కూలిపోయాకే ఆ నీడ విలువ మాకు తెలిసింది. స్థలం ఉన్నవాళ్లు చెట్టు నాటండి, దయచేసి.

తర్వాత ఫ్యాను. పాత ఫ్యాను 75 వాట్లు తింటుంది, బ్రష్‌లు లేని మోటారుతో తిరిగే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర సరిపెట్టుకుంటుంది. ఏసీ 26లో పెట్టి ఫ్యాను నెమ్మదిగా తిప్పితే ఒంటికి 24లో ఉన్నట్టే ఉంటుంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతుంది. వానాకాలంలో వేడి తక్కువ, జిగట ఎక్కువ ఉన్న రోజుల్లో ఏసీలో తేమ తీసే డ్రై మోడ్ వాడి చూడండి.

ఇక చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. స్ప్లిట్ ఏసీ బయట గాలిని లోపలికి తేదు, గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. పోయిన వేసవిలో మా ఇంట్లో అందరికీ పొద్దున్నే తలనొప్పి, మగత. మెకానిక్‌ని పిలిస్తే గ్యాస్ నింపి డబ్బులు తీసుకెళ్లాడు, తలనొప్పి మాత్రం పోలేదు. మనం వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ మూసిన గదిలో పేరుకుంటుంది కదా, తెలిసినవాళ్ల దగ్గర దాన్ని కొలిచే మీటర్ తెచ్చి మంచం పక్కన పెడితే తెల్లవారేసరికి 2,300 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు అన్ని భాగాలు) చూపించింది, బయట గాలిలో అది 420 చుట్టుపక్కలే ఉంటుంది. 1,000 దాటకుండా చూసుకుంటే మంచిది. ఇప్పుడు పడుకునే ముందు పావుగంట కిటికీలన్నీ బార్లా తీస్తాం, రాత్రి తలుపు కొంచెం తెరిచి ఉంచి బాత్రూం ఎగ్జాస్ట్ ఫ్యాను తిరగనిస్తాం, హాలు గాలి మెల్లగా లోపలికి వస్తుంది. దీనికి కాస్త కరెంటు ఎక్కువ కాలుతుంది నిజమే, కానీ ఊపిరి దగ్గర పొదుపు వద్దు. ఎయిర్ ప్యూరిఫయర్ దుమ్ము పడుతుంది, కార్బన్ డయాక్సైడ్‌ని తగ్గించదు. కుండీలో మొక్కలూ ఆ పని చేయలేవు.

ఏసీ గదిలో తలుపులు మూసి దోమల చుట్ట వెలిగించడం మాత్రం వెంటనే మానేయండి, ఆ సన్నటి పొగంతా రాత్రంతా పిల్లల ఊపిరితిత్తుల్లోకే పోతుంది. దోమతెర కట్టుకోండి. అగరబత్తి, సాంబ్రాణి కిటికీ తీసి ఉన్నప్పుడే. పోపు వేసేటప్పుడు ఎగ్జాస్ట్ వేయండి, బయటికి గొట్టం లేని చిమ్నీ అయితే కిటికీ కూడా తీయాలి.

కిటికీ ఎప్పుడు తీయాలన్నది మీరుండే చోటును బట్టి ఉంటుంది. బీచ్ వైపు వాళ్లకు ఎండెక్కాక వచ్చే సముద్రపు గాలి వరం, ఎదురెదురు కిటికీలు తీస్తే ఏసీ గంటలు చాలా తగ్గుతాయి. వన్ టౌన్, జ్ఞానాపురం లాంటి పోర్టు దగ్గరి వాళ్లు బొగ్గు దుమ్ము వస్తోందేమో చూడటానికి ముందు తెల్లగుడ్డ తడిపి బాల్కనీ రెయిలింగ్ తుడవండి. రోజూ తుడిచినా నల్లగా వస్తుంటే అటువైపు కిటికీ మూసి, అవతలి వైపుది తీయండి. చలికాలం తెల్లవారుజామున చుట్టూ కొండల మధ్య పొగ, దుమ్ము కిందనే ఆగిపోతాయి కాబట్టి కాస్త ఎండ వచ్చాక తీయడం మేలు.

ఏసీ ఫిల్టరు రెండు వారాలకోసారి మీరే కడుక్కోవచ్చు, పదినిమిషాల పని. సముద్రానికి దగ్గరైతే ఏసీ బయటి యూనిట్‌ని ఉప్పుగాలి తినేస్తుంది, కాయిల్‌కి (గ్యాస్ తిరిగే గొట్టాలకి) చిల్లులు పడి గ్యాస్ పోతుంది. నెలకోసారి మెయిన్ స్విచ్ ఆపి, కాయిల్ మీది సన్నటి రేకులు వంగకుండా మంచినీళ్లతో మెల్లగా కడగండి. కొత్తది కొంటుంటే కాయిల్‌కి తుప్పు పట్టని పూత ఉందో లేదో షాపులో ముందే అడగండి.