మిర్చి ఛాంబర్ల ఉష్ణోగ్రతను మోడ్‌బస్ ద్వారా సర్వర్‌కు చేర్చే పద్ధతి

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకు ఎలక్ట్రానిక్స్ పనులు చేస్తాను. ఛాంబర్లలో ఎంత చలి ఉందో ఆఫీసు గదిలో కూర్చుని చూడాలని యజమానులు అడుగుతారు. మందపాటి ఇన్సులేషన్ గోడలు, వాటి వెనుక నిండా టిక్కీలు (మిర్చి బస్తాలు). అక్కడ వైఫైని నేను నమ్మను. ఆర్‌ఎస్-485 (జంట తీగ మీద దూరానికి సిగ్నల్ పంపే పద్ధతి) తీగల మీద మోడ్‌బస్ ఆర్‌టీయూ (పరికరాలు ప్రశ్న, జవాబులుగా మాట్లాడుకునే భాష) నడుపుతాను. 1979లో మోడికాన్ సంస్థ తన పీఎల్‌సీల (ఫ్యాక్టరీ యంత్రాలను నడిపే కంప్యూటర్ల) కోసం తెచ్చిన ఈ ప్రోటోకాల్ ఈనాటికీ ఫ్యాక్టరీల్లో పనిచేస్తోంది.

ఒక్కో ఛాంబర్‌కు ఆర్డునో నానో (ప్రోగ్రామ్ నడిపే చిన్న బోర్డు), దాన్ని ఆర్‌ఎస్-485 లైనుకు కలిపే మ్యాక్స్485 మాడ్యూల్, ఉష్ణోగ్రత కొలిచే డీఎస్18బీ20 సెన్సర్, దాని డేటా తీగకు 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ కావాలి. సర్వర్‌కు (ఆఫీసు కంప్యూటర్‌కు) ఆర్‌ఎస్-485ను యూఎస్‌బీకి మార్చే కన్వర్టర్ పెట్టి, పైథాన్‌లో పైమోడ్‌బస్ లైబ్రరీ వాడితే చాలు. నానోలో ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు మాడ్యూల్ ఆర్‌ఓ తీగ (లైను డేటాను నానోకు ఇచ్చేది) విప్పండి, లేకపోతే అప్‌లోడ్ ఆగిపోతుంది.

ముందు తీగల పని. మెలితిప్పిన జంట తీగను ఒక ఛాంబర్ నుంచి పక్క ఛాంబర్‌కు వరుసగా లాగండి, మధ్యలో కొమ్మలు చీల్చవద్దు. గ్రౌండ్ కోసం మూడో తీగ వేయండి. కంప్రెసర్ మోటారు కేబుళ్లకు దూరంగా ఉంచండి. లైను రెండు చివర్లలో మాత్రమే 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. ఇక్కడే చాలామంది చిక్కుకుంటారు. బజారులో దొరికే చాలా మాడ్యూళ్ల మీద 121 అని రాసిన చిన్న రెసిస్టర్ ముందే అతికించి ఉంటుంది. ఆరు ఛాంబర్లకు ఆరు కలిస్తే లైను మీద 20 ఓమ్‌లే మిగులుతాయి, సిగ్నల్ నీరసించిపోతుంది. మధ్య మాడ్యూళ్లలో దాన్ని టంకం కరిగించి తీసేయండి. కన్వర్టర్‌లోనూ ఉందేమో చూడండి. కరెంటు ఆపి జంటలోని ఏ, బీ తీగల మధ్య మల్టీమీటర్ పెడితే సుమారు 60 ఓమ్‌లు చూపాలి. మీటరు అలా చూపేవరకు నేను ప్రోగ్రామ్ జోలికి వెళ్లను. అంతా సరిగా ఉన్నా జవాబు రాకపోతే ఏ, బీ తారుమారు చేసి చూడండి. కొందరు తయారీదారులు ఆ పేర్లు అటూ ఇటూ వేస్తారు.

ప్రతి నానోకు వేరే చిరునామా ఇవ్వండి. 1 నుంచి 247 వరకు వాడవచ్చు. వేగం సెకనుకు 9600 బిట్లు చాలు. 6.4 డిగ్రీలను పదితో గుణించి 64గా మొదటి రిజిస్టర్‌లో (సర్వర్ చదివే సంఖ్య ఉండే చోటు) ఉంచండి. పుస్తకాల్లో 40001 అని కనిపించేది లైను మీద 0 అవుతుంది. సర్వర్ పంపే ప్రశ్న 01 03 00 00 00 02 సి4 0బి. ఒకటో నానో, మూడో ఫంక్షన్ (రిజిస్టర్లు చదివే ఆదేశం), సున్నా నుంచి రెండు రిజిస్టర్లు, చివరి రెండు బైట్లు సీఆర్‌సీ (దారిలో తప్పు దొర్లిందేమో పట్టే లెక్క). జవాబు పంపాక చివరి బైటు పూర్తిగా వెళ్లేవరకు మాడ్యూల్ డీఈ పిన్‌ను (లైను మీదకు పంపడానికి తెరిచి ఉంచేది) దించవద్దు. తొందరపడితే ఆ బైటు తెగి, సర్వర్ సీఆర్‌సీ తప్పంటుంది.

డీఎస్18బీ20 పూర్తి రిజల్యూషన్‌లో కొలవడానికి 750 మిల్లీసెకన్ల వరకు తీసుకుంటుంది. అంతసేపు ప్రోగ్రామ్‌ను నిలబెడితే సర్వర్ ప్రశ్నకు జవాబు అందదు. కొలత మొదలుపెట్టి వదిలేసి, సెకను తరువాత విలువ తీసుకోండి.

రెండో రిజిస్టర్ ఎందుకో చెప్పాలి. ఒక వేసవి రాత్రి ఒక ఛాంబర్ తెల్లవార్లూ 6.2 దగ్గరే నిలిచింది. ఉదయం తలుపు తీసిన హమాలీలు లోపల గాలి వెచ్చగా ఉందన్నారు. కంప్రెసర్ ట్రిప్ అయింది, సెన్సర్ తీగ ఊడింది, పాత విలువ రిజిస్టర్‌లోనే ఉండిపోయింది. మోడ్‌బస్ అడిగిన ప్రతిసారీ నిక్షేపంగా ఆ పాత విలువే పంపింది. తప్పు నా ప్రోగ్రామ్‌దే. రైతు ఏడాది కష్టం ఆ టిక్కీల్లో ఉంటుంది. అప్పటి నుంచి రెండో రిజిస్టర్‌లో లెక్క ఉంచుతున్నాను. మంచి కొలత వచ్చిన ప్రతిసారీ ఒకటి పెరుగుతుంది, 65535 తరువాత సున్నా. సెన్సర్ ఊడితే లైబ్రరీ మైనస్ 127 ఇస్తుంది. కరెంటు వచ్చిన వెంటనే కొలవకుండా చదివితే 85 వస్తుంది. ఈ రెండూ వస్తే లెక్క పెంచవద్దు. సర్వర్ ప్రతి 30 సెకన్లకు అడగాలి, లెక్క 3 నిమిషాలు కదలకపోతే తెర మీద ఆ ఛాంబర్ గడిని ఎర్రగా చూపి ఫోనుకు సందేశం పంపాలి.

అప్పగించే ముందు యజమాని ఎదుటే ఒక ఛాంబర్ సెన్సర్ తీగ ఊడదీయండి. ఎరుపు వచ్చి, ఆయన ఫోను మోగాక తిరిగి బిగించండి.