శిలాజాల గుర్తింపు – పాఠం 4: పుల్లా, గొట్టమా?

రెండు చిప్పల జీవుల సంగతి గత పాఠంలో అయింది. ఈసారి కొత్తవాళ్లని బాగా తికమకపెట్టేవి: వేలెడంత పొడవున, గుండ్రంగా, సన్నగా ఉండే ముక్కలు. తమిళనాడులో పెరంబలూరు దగ్గరి కారై బంకమట్టి గుట్టలు క్రెటేషియస్ (డైనోసార్ల చివరి యుగం) నాటి సముద్రపు అడుగు. వాన వెలిశాక అక్కడ నేల మీద ఇలాంటివి బయటపడతాయి. పైరూపం చూసి పేరు పెట్టారంటే సగం సార్లు తప్పుతారు. విరిగిన కొన చూడాలి.

ముందు ఆ కొనను సిద్ధం చేయండి. ముక్కను నీళ్లలో అరగంట నానబెట్టి మెత్తటి టూత్‌బ్రష్‌తో కడగండి. పెళుసు మట్టిలో ఉన్నదైతే నానబెట్టొద్దు, విచ్చిపోతుంది. తడి బ్రష్‌తో తుడిస్తే చాలు. తర్వాత గాజుపలక మీద 400 నంబరు వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) పరిచి, నీళ్లు చల్లి, ఆ కొనను రెండు మూడు నిమిషాలు గుండ్రంగా రుద్దండి. మళ్లీ 1000 నంబరుతో అంతసేపే. ఇప్పటికే విరిగిన కొననే రుద్దాలి, బాగున్న మొనను ముట్టుకోకండి. ఆ కొన తడిగా ఉండగానే 10 రెట్ల భూతద్దంతో చూడండి. ఆరితే గీతలు మసకబారతాయి.

మధ్య నుంచి అంచు దాకా చక్రం ఆకుల్లా సన్నటి పోగులు, లోపలంతా గట్టిగా, రంగు తేనెలాగో గోధుమగానో ఉంటే అది చాలావరకు బెలెమ్నైట్. స్క్విడ్ జాతి జీవి ఒంట్లో, వెనక కొసన ఉండే కాల్సైట్ (సున్నపు ఖనిజం) ముక్క అది. ఒక పక్క మొన తేలి ఉంటుంది. రెండో పక్క విరగకుండా ఉంటే శంకువులాంటి గుంట కనిపిస్తుంది. ఆ గుంట భాగం పలచన కాబట్టి ముందు అదే రాలిపోతుంది. అందుకే మిగిలిన ముక్కను చేప పన్ను అనుకుంటారు.

ఇక్కడ రెండు మోసాలున్నాయి. గుహల్లో వేలాడే సున్నపు ఊడలకీ అడ్డుకోతలో ఇలాంటి పోగులే ఉంటాయి. కానీ వాటి అంచు వంకరటింకరగా ఉంటుంది, నడుమ తరచూ సన్నటి రంధ్రం ఉంటుంది. రెండోది జిప్సం. కారై మట్టిలో తెల్లటి జిప్సం పోగులు విరివిగా దొరుకుతాయి. గోటితో గీరండి: జిప్సం మీద గీత పడుతుంది, కాల్సైట్ మీద పడదు. రాలిన పొడి మీద పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక్క చుక్క వేస్తే కాల్సైట్ బుస్సున పొంగుతుంది. చుక్క పొడి మీదే వేయాలి. నమూనా మీద పడితే పైనున్న సన్నటి గీతలు తినేస్తుంది.

విరిగిన చోట పోగులు లేకుండా, ఏటవాలుగా అద్దంలా మెరిసే నున్నటి పలక ఉంటే అది సముద్రలిల్లి (పువ్వులా కనిపించే సముద్ర జంతువు) కాడో, సీ అర్చిన్ (ముళ్లబంతిలాంటి సముద్ర జీవి) ముల్లో. రెండింటిలోనూ ప్రతి ముక్కా ఒకే కాల్సైట్ స్ఫటికంలా విరుగుతుంది. బిళ్లలు పేర్చినట్టుండి, ఒక్కో బిళ్ల నడుమ రంధ్రం ఉంటే కాడ.

పొడుగునా అడ్డగోడలు ఉంటే నిటారు గవ్వ, అంటే స్క్విడ్ దూరపు బంధువులది. గోడ అంచు గీత సాదాగా ఉంటే నాటిలాయిడ్, ఆకు అంచులా మెలికలు తిరిగితే బాకులైట్. పుదుచ్చేరి దగ్గరి బాకులైట్లను బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ఫోర్బ్స్ 1846లోనే వర్ణించారు.

బోలుగా ఉండి ఇష్టమొచ్చినట్టు మెలికలు తిరిగితే, ముఖ్యంగా ఇంకో చిప్పకు అంటుకుని ఉంటే, పురుగు గొట్టం. పెంకే లేకుండా, చుట్టూ ఉన్న రాయిలోని ఇసుకే లోపలా ఉండి కొమ్మలు చీలితే, అది జీవులు తవ్విన బొరియ.

మన దగ్గర మరో చిక్కు. రాజమండ్రికి పడమరన దుద్దుకూరు దగ్గర, బసాల్ట్ (గడ్డకట్టిన లావా రాయి) కింది పొరల్లో టరిటెల్లా (పొడుగ్గా మెలితిరిగిన నత్త) గవ్వలున్నాయి. ఇలాంటి గవ్వల పెంకు కరిగిపోయి లోపలి మట్టి అచ్చు మాత్రమే మిగిలితే అది మరమేకులా కనిపిస్తుంది. చుట్టుకూ చుట్టుకూ మధ్య ఖాళీ ఉంటుంది. అది పోయిన పెంకు మందమే, వేరే జాతి గుర్తు కాదు.

అభ్యాసం: ముక్క తెల్లగా, కాస్త వంగి, నున్నగా ఉంది. ఒక కొన 3 మిల్లీమీటర్లు, మరొకటి 6; రెండూ తెరిచే ఉన్నాయి, లోపల గోడలు లేవు. ఇది పైవాటిలో దేనికీ సరిపోదు. ఎందుకు సరిపోదో ఒక్కొక్కటీ రాసి కొట్టేయండి. పేరు పాఠం 5లో.