పిల్లగాడికి పాటీ అలవాటు – 2వ పాఠం: షాపుకి పోయే ముందు కాలు కొలవండి

పోయిన పాఠంలో గుర్తులు చెప్పుకున్నాం కదా, డైపర్ రెండు గంటలైనా పొడిగా ఉండటం, దొడ్డి వచ్చేటప్పుడు సోఫా వెనక్కి పోయి దాక్కోవడం, నిక్కర్ కిందికి లాగమంటే అర్థం చేసుకోవడం. అవి కనబడితేనే ఈ పాఠం చదవండి. కనబడకపోతే ఒకటి రెండు నెలలు ఆగండి, ఏం కొంపలు మునగవు. ఏడాదిన్నర నుంచి మూడేళ్ల మధ్యలో ఎప్పుడైనా రావచ్చు, మగపిల్లలు చాలామంది కాస్త ఆలస్యంగానే దారికొస్తారు, పక్కింటి పాప ముందే నేర్చుకుందని టెన్షన్ పెట్టుకోకండి.

ఈరోజు పాటీ, అంటే పిల్లలు దొడ్డికి కూర్చునే చిన్న ప్లాస్టిక్ సీటు, కొందాం. ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్తా. హన్మకొండలో ఒక షాపులో కారు బొమ్మ పాటీ చూశాను, ముందు స్టీరింగు, నొక్కితే పాట. మావాడు దాన్ని వదల్లేదు, నేనూ మురిసిపోయి కొన్నాను. ఇంటికొచ్చాక వారం రోజులు ఈ గోడ నుంచి ఆ గోడకు తోసుకుంటూ తిరిగాడు, దొడ్డికి మాత్రం సోఫా వెనకే. బలవంతంగా కూర్చోబెడితే రెండు నిమిషాలకే లేచేవాడు. పాట వల్ల పాడైందనుకున్నా గానీ అసలు సంగతి వేరే, అది వాడికి ఎత్తు. కాళ్లు గాల్లో వేలాడేవి.

మన అమ్మమ్మలు ఎట్లా చేసేవారో గుర్తు తెచ్చుకోండి. వాకిట్లో కాళ్లు చాపి కూర్చుని, రెండు పాదాల మీద పిల్లగాణ్ని కూర్చోబెట్టి "ష్..." అనేవాళ్లు. వాడి మోకాళ్లు పైకి, పిర్రలు కిందికి ఉండేవి. అట్లా కూర్చుంటే పేగు చివర ఉండే మలుపు కొంచెం సాపు అవుతుంది, ఎక్కువ ముక్కే పని ఉండదు. కాళ్లకు ఆధారం లేనప్పుడు పిల్లలు పడిపోతామేమో అని ఒళ్లు బిగబట్టుకుంటారు, బిగబట్టుకుంటే ఎట్లా వస్తది? రెండు రోజులు ఆపుకుంటే గట్టిపడుతుంది, గట్టిపడితే నొప్పి, నొప్పెడితే ఇంకా ఆపుకుంటాడు, ఇక ఆ తిరకాసులోంచి బయటపడటానికి నెలలు పడుతుంది.

కాబట్టి కొలవండి. వాణ్ని గోడకు ఆనించి నిలబెట్టి, మోకాలి వెనక మడత నుంచి నేల దాకా టేపు పెట్టండి, టేపు లేకపోతే ఒక దారం చాలు. మావాడిది అప్పుడు 21 సెంటీమీటర్లు వచ్చింది, అంటే దాదాపు జానెడు. పాటీ సీటు దానికంటే రెండు మూడు సెంటీమీటర్లు తక్కువ ఉండాలి, అప్పుడు అరికాళ్లు పూర్తిగా నేలకు ఆని మోకాళ్లు తుంటి కంటే కొంచెం పైకి లేస్తాయి. దారం కొంగుకు ముడేసుకుని పోండి, షాపులో ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. నేను రెండోసారి వరంగల్ చౌరస్తా దగ్గర ప్లాస్టిక్ సామాన్ల కొట్లో ఒక సాదా పాటీ కొన్నాను, కారు పాటీ ఖరీదులో సగం కూడా కాలేదు.

ఇక మగపిల్లలకు ప్రత్యేకంగా చూడాల్సింది ముందు వైపు ఉండే అడ్డు. కూర్చుని ఒంటేలు పోస్తే ధార ముందుకు కొడుతుంది, అందుకే అడ్డు కావాలి. కానీ చాలా వాటికి అది విడిగా తగిలించే గట్టి ముక్క, ఎత్తుగా నిలబడి ఉంటుంది. వాడు కూర్చునేటప్పుడో లేచేటప్పుడో అక్కడ గీసుకుందనుకోండి, ఆ పాటీ దగ్గరికి మళ్లీ రాడు, ఎన్ని చాక్లెట్లు చూపించినా రాడు. అడ్డు పాటీతోనే కలిసి, గుండ్రంగా, తక్కువ ఎత్తులో ఉన్నది తీసుకోండి. వేలితో అంచంతా రాసి చూడండి, ప్లాస్టిక్ అతుకు గుచ్చుకుంటుందా లేదా తెలుస్తుంది. మిగతాది అడ్డు మీద వదిలేయకండి, కొంచెం ముందుకు వంగమని, చేత్తో కిందికి పట్టుకోమని నేర్పితే సరిపోతుంది. గోడకు తగిలించే కప్ప బొమ్మ యూరినల్ ఇప్పుడే వద్దు, ముందు రెండు పనులూ కూర్చునే నేర్చుకోనివ్వండి. నిలబడటం తర్వాత వాళ్ల నాన్నను చూసి వాడే పట్టేస్తాడు.

పాటీ అడుగుభాగం వెడల్పుగా, రబ్బరు పట్టుతో ఉండాలి, మన ఇళ్లలో టైల్సో బండలో, పైగా ఎప్పుడూ తడి. షాపులోనే ముందు అంచు మీద చెయ్యేసి నొక్కండి, వెనక భాగం లేస్తే అక్కడే పెట్టేసి రండి. లోపలి గిన్నె ఒకే ముక్కగా పైకి రావాలి, మూలలూ సందులూ ఉంటే వాసన పోదు. గిన్నె తెల్లగా ఉంటే ఇంకో లాభం, ఎండాకాలం మన దగ్గర 40 డిగ్రీలు దాటినప్పుడు ఒంటేలు ముదురు పసుపుగా ఉంటే ఇట్టే కనబడుతుంది, అంటే వాడికి నీళ్లు చాలట్లేదని.

వెస్టర్న్ కమోడ్ మీదే అలవాటు చేద్దామనుకునే వాళ్లు చిన్న సీటు ఒక్కటే కొంటే కాదు, కింద పీట కూడా కావాలి, కాళ్లు ఆనడం అక్కడా అంతే ముఖ్యం. సీటు అటూ ఇటూ జరగకూడదు. నిలబడి పోసే రోజులొచ్చాక లేపిన సీటు ధన్‌మని పడి మగపిల్లలకు దెబ్బ తగలడం నిజంగా జరిగేదే, సీటును ఒక చేత్తో మీరు పట్టుకోండి.

ఎక్కడ పెట్టాలి? వాడు ఆడుకునే చోటికి దగ్గర్లో. మా ఇంట్లో దీని మీద చిన్న యుద్ధమే అయింది. "గిదేంది బిడ్డా, దేవుని అర్ర ముంగట పెడ్తవా?" అని అత్తమ్మ. ఆమె మాటా నిజమే, అందుకని వెనక వరండాలో, తలుపు తీస్తే కనబడేట్టు పెట్టాం. బతుకమ్మకు అమ్మగారింటికి పోయినప్పుడు కూడా అదే పాటీ సంచీలో వేసుకుపోయాను. అక్కడున్నది ఇండియన్ టాయిలెట్, పెద్దవాళ్ల కొలత, ఆ గుంత చూస్తేనే వీడికి భయం.

ఈ వారం చేయాల్సిన పని ఇంతే. కొలవండి, సరిపోయే రెండు మూడు పక్కన పెట్టి రంగు మాత్రం వాణ్నే ఎంచుకోమనండి. ఇంటికి తెచ్చాక మూడు నాలుగు రోజులు నిక్కర్‌తోనే ఊరికే కూర్చోనివ్వండి, లేస్తానంటే లేవనివ్వండి, ఏమీ అడగొద్దు. పొద్దున పాలు తాగిన ఎన్ని నిమిషాలకు వాడు సోఫా వెనక్కి పోతున్నాడో గడియారం చూసి రాసిపెట్టుకోండి, వచ్చే పాఠంలో ఆ కాగితంతోనే పని.